ఏమీ లేనప్పుడు సున్నా

బోర్డు మెడలో ఎర్రచీటీ వేలాడుతోంది.

మూడు నెలలు నడుం పడిపోయేలా కూర్చుని గీసిన సర్క్యూట్ బోర్డు అది. పరీక్షకు పంపి అరగంట కాలేదు, చేతిలో టీ సగం కూడా తాగలేదు, అప్పుడే గుమ్మంలోకి తిరిగొచ్చేసింది. చీటీ మీద గుండ్రటి అక్షరాలు: "లోపం: ఏమీ ఇవ్వకపోయినా అంకె చూపిస్తోంది. తిరిగి చూపవలెను."

డిజైనర్ కుర్రాడికి అరికాలి మంట నెత్తికెక్కింది. బోర్డు చంకలో పెట్టుకుని టెస్టింగ్ గదిలోకి దూసుకెళ్ళాడు. అక్కడ ఆ వారమే కొత్తగా చేరిన అమ్మాయి, జడ కుర్చీ వెనక్కి వేసుకుని, మీటరు ముందు కూర్చునుంది.

"ఈ చీటీ ఎవరు రాశారు?"

"ఏం, అక్షరాలు బాలేవా?" అంది తల ఎత్తకుండా.

"అక్షరాలు బానే ఉన్నాయి. రాసిన సంగతే బాలేదు. మీటరన్నాక ఏదో ఒక సిగ్నల్ ఇచ్చి చూడాలి. ఏమీ ఇవ్వకుండా చూడటమేంటి?"

"ఇచ్చి చూశాను, సరిగ్గా చెప్పింది. ఇవ్వకుండా చూశాను, అప్పుడూ చెప్పింది. గొడవంతా అక్కడే."

బోర్డు లాక్కుని కరెంటు తీగలు మాత్రం తగిలించి స్విచ్ వేసింది. డిస్‌ప్లే మీద అంకెలు తైతక్కలాడాయి. నాలుగు వందల ముప్ఫై ఒకటి. ఇరవై తొమ్మిది. మళ్ళీ ముప్ఫై రెండు.

"సిగ్నల్ వైరు లేదు, యాంటెన్నా లేదు. ఎవర్ని లెక్కపెడుతోందండీ ఇది?"

"ఇది హై ఫ్రీక్వెన్సీ డివైడర్. సెకనుకి కోట్లసార్లు ఊగే సిగ్నల్ని అరవై నాలుగో వంతుకి తగ్గించి, లెక్కపెట్టే చిప్పుకి అందిస్తుంది. ఇంత చురుకైనది ఊరికే కూర్చోలేదు. సిగ్నల్ లేకపోతే తనంతట తనే ఊగుతుంది. సెల్ఫ్ ఆసిలేషన్ అంటారు. ప్రపంచమంతా ఇంతే."

"ప్రపంచమంతా పనిలేనప్పుడు తనలో తను మాట్లాడుకుంటే మాట్లాడుకోనీండి. నా బల్ల మీద మాత్రం ఏమీ లేనప్పుడు సున్నా ఉండాలి."

"మీకు దీని చెవి సంగతి తెలీదు. చీమ తుమ్మినా వింటుంది!"

"తుమ్మని చీమని కూడా వింటోంది."

పక్క బల్ల దగ్గర సోల్డరింగ్ అక్క కిసుక్కున నవ్వింది. పదిహేనేళ్ళుగా ఆ వర్క్‌షాపులో అతుకులు వేస్తున్న మనిషి. అతుకు పెట్టినంత గట్టిగా పేర్లు కూడా పెడుతుంది. సాయంత్రానికల్లా అమ్మాయి 'సున్నా మేడం' అయిపోయింది, కుర్రాడు 'చెవి సారు' అయిపోయాడు. వాచ్‌మన్‌ది కూడా అదే పిలుపు.

* * *

రేడియో సిగ్నల్ సెకనుకి ఎన్ని మిలియన్లసార్లు ఊగుతోందో లెక్కగట్టే ఆ మీటర్లు ఎవరికోసమో చెప్పాలి. రేవులో పడవల రేడియోలు బాగుచేసే షాపుంది. ప్రతి పడవలోనూ ఒక నారింజరంగు పెట్టె ఉంటుంది. పడవ మునిగితే ఆ పెట్టె నాలుగు వందల ఆరు అనే అంకె దగ్గర కేక వేస్తుంది, ఆ కేక విని ఒడ్డునుంచి మనుషులు బయల్దేరతారు. ఏడాదికోసారి ఆ పెట్టెను షాపుకి తెచ్చి, మీటరు పక్కన పెట్టి, బటన్ నొక్కుతారు. మీటరు మీద నాలుగు వందల ఆరు వచ్చిందా, పెట్టె బతికుంది, ఆకుపచ్చ స్టిక్కర్ అంటించి పడవ ఎక్కిస్తారు. రాలేదా, రిపేరుకి. అంతే పని. ఆ అంతే అన్నదాని మీదే నీళ్ళ మీదకి వెళ్ళినవాళ్ళ ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

నలభై మీటర్లు కావాలన్నారు. శుక్రవారం నాలుగింటికి వ్యాను వస్తుంది. తప్పితే ఆర్డరు ఇంకో కంపెనీకి. అది పోతే వర్క్‌షాపు షట్టరు కూడా ఎన్నాళ్ళు పైకి లేస్తుందో పెద్దాయనకే నమ్మకం లేదు. పెద్దాయన అంటే యజమాని. అంకెలు చూడటం కంటే గోడమీద క్యాలెండర్ చూడటమే ఎక్కువ.

కుర్రాడు మొదట నిజాయితీగానే కష్టపడ్డాడు. గ్రౌండ్ తీగలు పొట్టి చేశాడు. చిప్పు పాదాలకి ఆనించి కెపాసిటర్ పెట్టాడు. బోర్డు చుట్టూ రేకు డబ్బా కట్టాడు. ఊపు తగ్గింది గానీ పోలేదు. తీసుకెళ్ళిన ప్రతిసారీ అమ్మాయి నోరు తెరవకుండా ఎర్రచీటీ కట్ట దగ్గరికి చెయ్యి జాపేది.

మూడోసారి మాత్రం చెయ్యి మధ్యలో ఆపింది.

"ఒక మాట చెప్పనా? కోప్పడరుగా?"

"కోపం స్టాకు అయిపోయింది. చెప్పండి."

రెండు టీ కప్పులు తెచ్చి ఒక స్కేలుకి చెరో చివర పెట్టి, కింద పెన్సిలు దూర్చింది. స్కేలు అటూ ఇటూ ఊగసాగింది.

"మీ చిప్పుకి రెండు ఇన్‌పుట్ కాళ్ళున్నాయి. ఏది బరువో చూసి చెప్పడమే దాని పని. సిగ్నల్ లేనప్పుడు రెండూ సరిసమానం. తక్కెడ సరిగ్గా మధ్యలో నిలబడితే ఏమవుతుంది? గాలి తగిలినా ఒరుగుతుంది. అది ఒరిగిన కుదుపే మళ్ళీ దానికి తగిలి ఇటు ఒరుగుతుంది. ఇక ఆగదు."

"ఈ సంగతి నాకు తెలుసు."

"తెలిసి ఎందుకు ఊరుకున్నారు? ఒక కప్పులో గింజంత బరువు వెయ్యండి." ఒక కప్పులో పంచదార పలుకు పడేసింది. స్కేలు ఒక పక్కకి ఒరిగి బుద్ధిగా కూర్చుంది. "ఒక కాలినుంచి గ్రౌండుకి ఒక రెసిస్టరు. అంతే. ఇక నిజమైన సిగ్నల్ వచ్చి నెడితేగానీ కదలదు."

"కదలదు. చిన్న సిగ్నల్ నెట్టినా కదలదు! సగం చెవి పోతుంది. నేను మూడు నెలలు పడ్డ పాట్లు దేనికి, ఆ చెవి కోసమేగా?"

"పక్కన పెట్టిన పెట్టె అరిస్తే వినడానికి అంత చెవెందుకండీ?"

 సమాధానం లేనప్పుడు మగాడు చేసే పనే చేశాడు. తలుపు కాస్త గట్టిగా వేసుకుని వెళ్ళిపోయాడు.

* * *

ఆ సాయంత్రం వాన కుండపోతగా పట్టుకుంది. మెట్లకింద బల్లచెక్కంత చోటులో ఇద్దరూ ఇరుక్కున్నారు. గొడుగు ఆమెది. అది తెరుచుకోవటం లేదు.

"ఇలా ఇవ్వండి."

"విరగ్గొడతారు."

"ఇంజనీర్ని."

"అందుకే భయం."

లాగాడు. గొడుగు ఒక్కసారిగా విచ్చుకుని ఇద్దరి ముఖాల మీదా గుప్పెడు నీళ్ళు చల్లింది. ఆమె కనురెప్ప మీద ఒక చుక్క ఆగిపోయింది. రాలుతుందేమోనని చూస్తూ నిలబడ్డాడు. అది రాలలేదు, ఇతని చూపూ మరలలేదు.

"ఏంటలా చూస్తున్నారు, సిగ్నల్ ఏమైనా కనపడిందా?"

"అబ్బే. వానని."

"వాన అటుంది."

గొడుగు కింద బస్సుదాకా నడిచారు. నాన్న సంగతి చెప్పింది. ముప్ఫై ఏళ్ళు పడవ మీద రేడియో ఆపరేటర్ అట, హెడ్‌ఫోన్ పెట్టుకుని పెట్టుకుని ఎడమచెవి పోయిందట, ఇప్పుడు రేవు స్టోర్సు వ్యాను నడుపుతాడట.

"శుక్రవారం మీటర్లకి ఆయనే వస్తాడు. మిమ్మల్ని ఓసారి చూడాలన్నాడు."

"నన్నా? ఎందుకు?"

"ఇంట్లో రోజూ మిమ్మల్ని తిడుతుంటే, ఇంతలా తిట్టించుకుంటున్న ఆ మనిషెవరో అని," అంది. బస్సు ఎక్కేసింది. గొడుగు అతని చేతిలోనే వదిలేసింది.

ఆ రాత్రంతా కుర్రాడు ఆ ఒక్క మాటే పట్టుకుని ఊగాడు. చూడాలన్నాడంటే ఏమిటి? ఊరికేనా? ఊరికే కాదా?

మర్నాడు అంగడికెళ్ళి రెసిస్టర్లు నలభై ఐదు కొన్నాడు. ఒకటి అతికించి చూశాడు. డిస్‌ప్లే మీద సున్నా, రాయిలా. తరవాత చెవి కొలిచాడు. నిజంగానే సగానికి సగం పడిపోయింది. గ్రాఫు కాగితాన్ని బోర్లా తిప్పేశాడు. ఊడబీకి, రెసిస్టర్లన్నీ సొరుగులోకి తోశాడు.

సోమవారం గడిచింది. మంగళవారం గడిచింది. పెద్దాయన క్యాలెండర్ ముందు నిలబడి దగ్గుతున్నాడు. బుధవారం మధ్యాహ్నం కుర్రాడు మీటరు ప్రోగ్రాములో ఒక్క లైను రాశాడు. నాలుగు వందల ఇరవైకీ నలభైకీ మధ్య ఏ అంకె వచ్చినా సున్నా అని చూపించు. అంతే. చిప్పు దాని ఇష్టం వచ్చినట్టు ఊగనీ, పైకి కనపడకపోతే సరి. ఆ అంకెల మధ్య పడవలవాళ్ళకి పనే లేదు, ఎవరికి నష్టం? తనకి తాను రెండుసార్లు చెప్పుకున్నాడు. నిజమైన మాటైతే ఒకసారి సరిపోయేది.

ఆమె స్విచ్ వేసింది. సున్నా. వేలితో తట్టింది. సున్నా. కేబుల్ తగిలించి తీసింది. సున్నా.

అప్పుడు నవ్వింది. మూడు వారాల్లో మొదటిసారి, మొహమంతా నవ్వింది. "మొత్తానికి చెవి సారు గింజ వేశారన్నమాట!"

కాదు అని చెప్పాలి. ఆ క్షణంలోనే చెప్పాలి.  ఆ నవ్వు ముందు ఊ అనలేదు, కాదనలేదు, ఊరికే తలకాయ గోక్కున్నాడు. ఆమె దాన్ని ఔననుకుంది. గురువారం సాయంత్రానికి నలభై మీటర్లకి నలభై కాగితాల మీద సంతకాలు పెట్టేసింది.

* * *

శుక్రవారం రెండున్నర. నలభై మీటర్లూ అట్టపెట్టెల్లో సర్ది కిటికీ పక్కన పేర్చారు. పై పెట్టె మూత ఇంకా అంటించలేదు. మబ్బు విడి ఎండ దానిమీద ఏటవాలుగా పడుతోంది.

కుర్రాడు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. సోల్డరింగ్ అక్క దాన్ని గమనించి, అందరికీ గమనింపజేసి, ఇప్పుడు పాట అందుకుంది. ఆ పాట తప్పించుకోవడానికే పై పెట్టెలోంచి ఒక మీటరు తీసి, ఊరికే స్విచ్ వేశాడు. ముట్టుకుంటే చుర్రుమంటోంది, గంటనుంచీ ఎండలో ఉంది మరి.

నాలుగు వందల ఆరు.

కళ్ళు నులుముకున్నాడు. నాలుగు వందల ఆరు. ఐదు. ఆరు. ఆరు.

 వేడెక్కితే ఊపు మందగిస్తుంది. చల్లటి గదిలో ముప్ఫై దగ్గర ఊగేది, ఎండలో దిగి దిగి, తను కట్టిన తడిక కిందనుంచి దూరి, సరిగ్గా వెళ్ళకూడని చోటికే వెళ్ళి కూర్చుంది. రేవులో రేకుల షెడ్డు కింద, వేసవి మధ్యాహ్నం, చచ్చిన నారింజపెట్టెను దీని పక్కన పెడతారు. బతికే ఉంది అని చెబుతుంది. ఆకుపచ్చ స్టిక్కర్ పడుతుంది. పడవ వెళ్తుంది.

స్విచ్ కట్టేసి మీటరు నీడలో పెట్టాడు. ఐదు నిమిషాల తర్వాత వేశాడు. సున్నా. ఎంత అమాయకంగా ఉందో!

తలుపు సందులోంచి టెస్టింగ్ గది కనపడుతోంది. ఆమె కాగితాలు ఫైలులో పెడుతోంది. మధ్యమధ్య గడియారం చూసి, జడ ముందుకి వేసుకుని, మళ్ళీ వెనక్కి వేసుకుంటోంది.

చెబితే ఆ నవ్వు పోతుంది. ఆర్డరు పోతుంది. మెట్లకింద చోటూ, గొడుగూ, అన్నీ పోతాయి. చెప్పకపోతే... నీడలో సున్నాయేగా చూపిస్తోంది? వ్యాను వచ్చేసేముందు ఎవరు ఎండలో పెట్టి చూస్తారు?

ఈ లెక్క అతను తేల్చకముందే వ్యాను వచ్చేసింది. నాలుగింటికి రావలసింది మూడు పదికే.

* * *

లోపలికి వచ్చిన మనిషి పొట్టి, గట్టి. భుజాన గుడ్డసంచి. కూతురి తలమీద చెయ్యివేసి, పెద్దాయనకి నమస్కారం పెట్టి, కుర్రాణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"నువ్వేనా బాబూ చెవి సారువి?"

"అవునండీ... అంటే, వీళ్ళు అలా..."

"మా అమ్మాయి చెప్పింది, నీ మీటరు చెవి చాలా పెద్దదట. నాకేమో ఒకటే మిగిలింది. నాతో మాట్లాడాలంటే కుడివైపు నిలబడాలి, గుర్తుపెట్టుకో."

అందరూ నవ్వారు. ఆమె మొహం ఎర్రబడింది. ప్యాకింగ్ వాళ్ళు మొదటి అట్టపెట్టె ఎత్తి భుజాన పెట్టుకున్నారు.

 కుర్రాడు ఆమె నాన్న దగ్గరికి నడిచాడు. 

"అయ్యా, ఆ మీటర్లు తీసుకెళ్ళకండి. నేను తప్పు చేశాను."

పైకి వచ్చింది గుసగుస. పెద్దాయన రసీదు రాసుకుంటున్నాడు. అక్క పాట పాడుతోంది. ఆయన చిరునవ్వుతో అట్టపెట్టెల వైపే చూస్తున్నాడు. ఎడమవైపు నిలబడ్డానని కుర్రాడికి అప్పుడు తెలిసింది. ఎవరూ విన్నట్టు లేదు.

చెప్పినట్టే ఉంది, చెప్పనట్టూ ఉంది. ఇక్కడితో ఆగిపోతే, చెప్పాను అని తనకి తాను జీవితాంతం చెప్పుకోవచ్చు. రెండో అట్టపెట్టె గుమ్మం దాటుతోంది.

చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చాడు.

"మీటర్లు తీసుకెళ్ళకండి!" ఈసారి మాట గోడకి తగిలి తిరిగొచ్చింది. "లోపల చిప్పు ఇంకా ఊగుతోంది. నేను ఆపలేదు. కనపడకుండా ప్రోగ్రాములో దాచాను. చల్లగా ఉంటే దాక్కుంటుంది. వేడెక్కితే నాలుగు వందల ఆరు చూపిస్తుంది. ఏమీ లేకపోయినా."

పాట ఆగింది. రసీదు మీద కలం ఆగింది.

ఆమె ఫైలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"రెసిస్టరు వేశానన్నారు," అంది.

"నేను అనలేదు. మీరనుకున్నారు. నేను అనుకోనిచ్చాను."

"నా సంతకం ఉంది వాటిమీద."

"తెలుసు."

ఆమె బల్ల దగ్గర కూర్చుంది. ఎర్ర పెన్ను తీసి, మొదటి కాగితం మీద తన సంతకాన్ని అడ్డంగా కొట్టేసింది. రెండో కాగితం. మూడో కాగితం. గదిలో పెన్ను గీతలే వినపడుతున్నాయి. నలభై గీతలు. ప్రతి గీతా తన వీపుమీద పడుతున్నట్టు నిలబడ్డాడు కుర్రాడు.

ఆమె నాన్న ఈలోపు సంచిలోంచి ఒక నారింజపెట్టె తీశాడు. రంగు వెలిసింది, మూల పగిలింది. "ఇది చచ్చి మూడేళ్ళయింది. బ్యాటరీ కూడా నేనే పీకేశాను. కొత్త మీటరు ఏది వచ్చినా ముందు దీన్ని పక్కన పెడతాను. బతికిన పెట్టెకి ఎవరైనా జవాబు చెబుతారు బాబూ. చచ్చినదాని పక్కన నోరుమూసుకోవటం వచ్చిందా లేదా అన్నదే నాకు కావాలి."

ఎండలోనే ఉన్న, మూత అంటించని పెట్టెలోంచి ఒక మీటరు తీసి, దాని పక్కన పెట్టి స్విచ్ వేశాడు. నాలుగు వందల ఆరు.

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. "నువ్వు నోరు మెదపకపోయినా దొరికిపోయేవాడివిరా!"

"దొరికేవాడు కాదండీ," అన్నాడు నాన్న తాపీగా. "నేను ఎప్పుడూ వ్యాను పక్కన నీడలో చూస్తాను. నీడలో ఇది సున్నా అనేది. నేను సంతోషంగా తీసుకెళ్ళేవాణ్ణి."



ఆమె పెన్ను మూత పెట్టింది. "నాన్నా, రేవు గేటు ఎప్పుడు మూస్తారు?"

"ఏడింటికి. అరగంట దారి. ఈలోపు చేరితే ఇవాళ్టి లెక్కే."

"అంటే ఆరున్నర." కుర్రాడి వైపు తిరిగింది, మొహం మాత్రం అతని భుజం పక్కన గోడవైపే. "రెసిస్టర్లు ఎక్కడ దొరుకుతాయి?"

"నా దగ్గరున్నాయి. నలభై నాలుగు. నలభై ఐదు కొన్నాను, ఒకటి వాడి చూశాను."

"ఎప్పుడు కొన్నారు?"

"మీరు కప్పులో పంచదార వేసిన మర్నాడు."

అప్పుడు చూసింది అతని కళ్ళలోకి. కోపంతోనే చూసింది, అయినా చూసింది.

* * *

ఇక పని చూడాలి. ప్యాకింగ్ వాళ్ళు పెట్టెలు విప్పారు. పెద్దాయన చొక్కా చేతులు మడిచి, ఇరవై ఏళ్ళ తరవాత స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు. అక్క రెసిస్టరు అతికిస్తుంది. కుర్రాడు ప్రోగ్రాములోంచి ఆ దొంగలైను పీకేసి మళ్ళీ ఎక్కిస్తాడు. చివర్న ఆమె. వేడిగాలి తుపాకీ మీటరు మీదకి తిప్పి, చెయ్యి పెట్టలేనంత వేడెక్కించి, ఏమీ తగిలించకుండా చూస్తుంది. తరవాత సిగ్నల్ ఇచ్చి చూస్తుంది.

ఇద్దరి మధ్యా అంకెలు తప్ప మాటల్లేవు.

"ఏడు."

"సున్నా."

"ఎనిమిది."

"సున్నా."

పదిహేడో మీటరు దగ్గర ఆమె ఆగిపోయింది. మూడు వందల ఎనభై ఎనిమిది. అంకె ఊగుతోంది. అందరి చేతులూ ఆగాయి. ఐదు కావస్తోంది. ఇదీ పనిచెయ్యదా అయితే?

కుర్రాడు భూతద్దం పెట్టి చూశాడు. "అక్కా, రెసిస్టరు కాలు పొడుగ్గా వదిలావు. ఇంత వేగంలో ఆ పొడుగే మళ్ళీ ఊపుతుంది. నున్నగా, చిప్పుకి ఆనించి కత్తిరించాలి."

"నీ చొక్కా చూసి కత్తెర జారింది నాయనా," అంది అక్క. అంతమందిలో ఎవరో ఒకరు నవ్వారు. గదిలో గాలి కాస్త ఆడింది.

కత్తిరించాడు. వేడిగాలి. సున్నా.

మీటరు వెనక అంటించే కాగితం మీద 'అతి సూక్ష్మ సిగ్నల్ సైతం' అని ముద్రించి ఉంది. తను ముచ్చటపడి రాయించుకున్న మాట అది. ఎవరూ అడక్కముందే మార్కరు తీసుకుని నలభై కాగితాల మీదా దాన్ని కొట్టేశాడు. ఆమె ఓరకంట చూసింది. 

ఆరు దాటి పన్నెండు నిమిషాలకి నలభయ్యో మీటరు వచ్చింది. నాన్న చచ్చిన పెట్టె పక్కన పెట్టాడు. వేడిగాలి పట్టారు. సున్నా. ఇంకొంచెం వేడి. సున్నా. అప్పుడు సంచిలోంచి రెండో పెట్టె తీశాడు, మెరుస్తున్నది, బతికున్నది. పక్కన పెట్టి టెస్టు బటన్ నొక్కాడు.

నాలుగు వందల ఆరు. ఊగలేదు, తొణకలేదు.

"ఇదీ మీటరంటే," అన్నాడు నాన్న. పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, ఆవిరి పట్టిందని చెప్పి.

* * *

అట్టపెట్టెలు వ్యానెక్కుతున్నాయి. ఆమె కొత్త కాగితాల మీద సంతకాలు పెడుతోంది. అచ్చులో లేని గడి ఒకటి ప్రతి కాగితం మీదా చేత్తో గీసింది: 'వేడిలో, ఏమీ ఇవ్వకుండా'.

కుర్రాడు బల్ల ముందు నిలబడ్డాడు. "ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను."

"చెప్పండి. వెళ్ళటం సంగతి తరవాత."

"బుధవారం మీరు నవ్వారు. ఆ నవ్వు పోతుందని భయమేసి చెప్పలేదు. చెవి మీద మోజు కూడా ఉంది, కాదనను. కానీ ఎక్కువ భయం నవ్వు గురించే. మీరు ఇష్టం నాకు. మీరు నాతో ఏమీ అనలేదు, నేనే గొడుగు చూసి, బస్సు చూసి, ఏవేవో అంకెలు వేసుకున్నాను."

"ఏమీ ఇవ్వకుండానే?"

"ఏమీ ఇవ్వకుండానే."

ఆమె చివరి సంతకం పూర్తి చేసింది. "గొడుగు ఎందుకు వదిలేశాననుకున్నారు, మరిచిపోయా?"

అతను చటుక్కున తలెత్తాడు.

"నలభై సంతకాలు కొట్టేశాను ఇవాళ. ఒక్కొక్కటీ కొడుతుంటే ఏడుపొచ్చింది. ఇంకోసారి నాకు అలా జరిగితే..." కాగితాలు బల్లకేసి తట్టి సర్దింది. "చెప్పటానికి నాన్న చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చారు చూడండి, అది నేను చూశాను. మొదటిసారి అన్నప్పుడు కూడా విన్నాను. నాకు రెండు చెవులూ ఉన్నాయి. ఆగిపోతారా తిరుగుతారా అని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను."

బయట వ్యాను హారను మోగింది. కిటికీలోంచి నాన్న తల బయటపెట్టాడు. "బాబూ! మీటరుకైతే చచ్చిన పెట్టె ఉంది. నిన్ను ఏం పెట్టి పరీక్షించాలా అని దారంతా బుర్ర బద్దలుకొట్టుకుంటూ వచ్చాను. నా పని నువ్వే తగ్గించావు. ఇక వాళ్ళమ్మ ఉంది, ఆవిడతో నువ్వే పడు!"

వ్యాను కదిలింది. గేటు దాటి మలుపు తిరిగింది.

ఆమె సొరుగులోంచి ఎర్రచీటీ ఒకటి తీసి, ఏదో రాసి, అతని కొత్త చొక్కా పైగుండీకి కట్టింది. 

అతను తలవంచి చదివాడు. అదే గుండ్రటి అక్షరాలు.

"లోపం: భయం. తిరిగి చూపవలెను: ఆదివారం పదకొండింటికి, మా ఇంట్లో."

"పాసవుతానా?" అన్నాడు.

"తొందరపడకు," అంది. మూడు వారాల్లో మొదటిసారి 'నువ్వు' అన్నట్టే మాట్లాడింది, అన్నాక తనే ఉలిక్కిపడి, వెంటనే నవ్వేసింది. మొహమంతా. "మా అమ్మ ఎదురుగా కూర్చోబెట్టి, వేడిలో కూడా చూస్తాం. గొడుగు మాత్రం తీసుకురా."